ముద్రిత విద్యుద్వలయము

వియన్నాలో జన్మించిన పాల్ ఐస్లర్ 1936లో లండనునందు ముద్రిత వలయముగల రేడియోను నిర్మించెను. తీగల చిక్కునకు మారుగా రాగి గీతలే అందు విద్యుత్తును మోసెను.

అట్టి పలకను నేడు ఇంటియొద్దనే చేసికొనవచ్చును. చట్రమునకు సన్నని నైలాను తెరను బిగించి, వలయపు గీతలను మాత్రము తెరపిగా నుంచి, తక్కిన కన్నులను పూడ్తురు. తెరను రాగి పలకపై నుంచి, ఆమ్లమునకు చెడని సిరాను రబ్బరు పట్టెతో లాగుదురు. ఒక్క తెరతో పెక్కు పలకలను అచ్చొత్తవచ్చును. సిరా ఆరిన పిదప పలకను ఫెర్రిక్ క్లోరైడు ద్రావణమున ముంచగా, సిరా మాటున నున్న రాగి నిలుచును, తక్కినది కరగిపోవును.

గీత వెండ్రుకవాసి తెగినను విద్యుత్తు ప్రవహింపదు. రెండు గీతలంటుకొన్నను వలయము చెడును. కావున ముంచుటకు ముందే లోపములను సరిదిద్దవలెను. ద్రావణము చర్మమునకును, కన్నులకును హానికరము. పెద్దల సమక్షమున, చేతితొడుగులును కంటద్దములును ధరించియే ఈ పనికి పూనుకొనవలెను. రాగి కలిసిన ద్రావణము జలచరములకు విషము; దానిని కాలువలో పారబోయరాదు.