ఇండ్లలోని సాలెపురుగులు: విష విచారము

వానలు పట్టి, కాలువలకు నీరు వదలి, నాట్లు ముగియు నాటికి పొలములలోను గట్లమీదను ఉండవలసిన పురుగుపుట్ర మన యిండ్లకు చేరుట ప్రతి సంవత్సరము జరుగునదే. ఈ దినములలో గోడమీద అరచేతి వెడల్పు సాలెపురుగు కనబడినచో ఇంటిల్లిపాదియు కలవరపడుటయు, పైరుకై తెచ్చి యుంచిన మందును పడకగదిలో చల్లుటయు మన గ్రామములలో అరుదు కాదు. ఆ మందు సాలెపురుగుకంటె పసిబిడ్డకు ఎక్కువ హాని చేయును. కావున ఇంటిలో కనబడు సాలెపురుగులలో జడియదగినవి యేవి, కానివి యేవి, వానిని వెదకి గుర్తించుట యెట్లు అను విషయమును ఈ సంచికలో విచారింపదలచితిమి. విచారింపగా తేలునదేమన, సాలెపురుగువలన మన ప్రాంతమున కలుగు ప్రాణహాని మిక్కిలి స్వల్పము; సాలెపురుగు కుట్టినదని భ్రమపడి ఉపేక్షించుటవలన కలుగు హాని మాత్రము చాల గొప్పది.

శాస్త్రజ్ఞులు పేరుపెట్టి వర్ణించిన సాలెపురుగుల జాతులు 2022 నాటికే 50,000 సంఖ్యను చేరినవి. వీనిలో బహు కొద్ది తప్ప తక్కినవన్నియు విషము గలవే. ఈ మాట విని భయపడనక్కరలేదు. ఆ విషము ఈగను, దోమను, బొద్దింకను చంపుటకై యేర్పడినది. చాలవాని కోరలు మన చర్మమును చీల్చజాలవు. చీల్చినను కొంత మంటయు, కొద్దిపాటి వాపును కలిగి ఒకటి రెండు దినములలో తగ్గిపోవును. కావున "విషము కలదా?" యని కాక, "మనుష్యునకు కీడు చేయునంత విషము కలదా?" యని అడుగవలెను.

హనుమాన్ జంక్షన్ చుట్టుపట్ల గల ఏ యింటిలోనైనను దీపము పట్టుకొని ఒక సాయంకాలము తిరిగి చూచినచో ఈ ప్రాణులు కనబడును. గోడమీద బల్లపరుపుగా నంటుకొని, గూడు కట్టక, దీపము చూపగానే పటముల వెనుకకు పరుగెత్తు పెద్ద గోధుమరంగు సాలెపురుగు మొదటిది. ఇంటివారిని ఎక్కువగా భయపెట్టునది ఇదియే. ఆడుది గుండ్రని తెల్లని బిళ్లవంటి గ్రుడ్లసంచిని పొట్టక్రింద పట్టుకొని తిరుగుచుండును. దీని ముఖ్యాహారము బొద్దింకలు. చేత నొక్కి పట్టినగాని కరవదు. చూరుల మూలలలో సన్నని పొడుగాటి కాళ్లతో చెదరిన గూడులో వ్రేలాడుచు, తాకినంతనే గిరగిర ఊగునది రెండవది. ఇది దోమలను భుజించును. పట్టపగలు కిటికీచట్టముమీద ఆగియాగి నడచుచు, మన వంక తలయెత్తి చూచునట్లు తిరిగి, ఒక్క దుముకున ఈగను పట్టునది ఈగపులి. ఆ పేరు పెట్టిన మన పూర్వులు దాని పనిని చక్కగా గమనించినవారే. దొడ్డిలో మొక్కల నడుమ నిలువు గూడు కట్టి, దాని మధ్య తెల్లని గీతలతో ముగ్గు వేసినట్లు గుణకారపు గుర్తు నేయునది వేరొకటి. ఇవి యన్నియు నిరపాయకరములు.

పొలమునుండి వచ్చునది మరియొకటి కలదు. బూడిదరంగు గలిగి, గూడు కట్టక, వరిదుబ్బుల మొదళ్లలో నీటిమీద సైతము పరుగెత్తునది. ఆంగ్లేయులు దీనికి తోడేలు పేరు పెట్టిరి. తల్లి గ్రుడ్లసంచిని వెనుకకు తగిలించుకొని తిరుగును. పిల్లలు పుట్టినపిదప వానిని వీపుమీద మోయును. ఇది దినమునకు 5 మొదలు 15 వరకు సుడిదోమలను తినగలదని వరి పరిశోధకులు లెక్కించిరి. పురుగు కనబడగానే మందు కొట్టెడి రైతు ముందుగా చంపునది ఈ కాపలాదారునే. దోమ గ్రుడ్లు ఆకుతొడిమలో భద్రముగా నుండి మరల పొదుగును; సాలెపురుగు మరల వచ్చుటకు చాలకాలము పట్టును. ఇండొనీషియా ప్రభుత్వము 1986లో వరిపై 57 రకముల మందులను నిషేధించుటకు కారణము ఇట్టి అనుభవమే. ఈ యుపకారి దారితప్పి వసారాలోనికి వచ్చినపుడు చీపురుతో బయటకు తోసిన చాలును.

ఇక నిజముగా జాగ్రత్తపడవలసిన వానిని చెప్పెదము. నిగనిగలాడు నల్లని ఉండవంటి పొట్ట, దానిమీదనో క్రిందనో ఎఱ్ఱని గుర్తు, సన్నని కాళ్లు గలిగి, నేలకు దగ్గరగా చిక్కుపడిన దారములవంటి గట్టి గూడు కట్టు జాతి యొకటి లోకమున పలు దేశములలో నున్నది. మగదానిని తినివేయునను ప్రతీతిచేత దానికి నల్ల విధవ యని పేరు వచ్చినది. ఈ కుటుంబమునకు చెందినవి మన దేశమునను కనుగొనబడినవి. రాళ్లక్రింద, ఎండిన కట్టెల సందులలో, కదల్చని సామానుల అడుగున ఇవి వసించును. కరచినచో కొలదిసేపటిలో నొప్పి కాలినుండియో చేతినుండియో పైకి ప్రాకి, కడుపు బిగిసి, చెమటలు పట్టును. మరణము బహు అరుదు. అయినను పిల్లలను, వృద్ధులను ఆసుపత్రికి చేర్చవలెను.

రెండవ రకము చెట్లతొఱ్ఱలలో నుండు బొచ్చు సాలెపురుగులు. వీనిలో అందమైనది మన రాష్ట్రముదే. అనంతపురము మండలములోని గుత్తి రైల్వే కలపదొడ్డిలో దొరికిన నీలవర్ణపు సాలెపురుగును పోకాక్ అను శాస్త్రజ్ఞుడు 1899లో వర్ణించెను. తరువాత నూరేండ్లకు పైగా అది యెవరికిని కనబడలేదు. 2001లో నంద్యాల గిద్దలూరుల నడుమనున్న అడవిలో మరల దొరకినది. గుత్తికి అది కలపతోపాటు రైలెక్కి వచ్చి యుండవచ్చునని ఇప్పటివారి యూహ. ఈ జాతుల కాటువలన తీవ్రమైన నొప్పియు, కండరములు పట్టివేయుటయు కొన్ని దినములుండును. ప్రాణము పోయిన దృష్టాంతము లేదు. డెల్టాలోని పెంకుటింటి గోడమీద ఇవి కనబడునని భయపడుట వ్యర్థము.

భయము ఎంత కీడు చేయునో 2012లో అస్సాము రాష్ట్రములోని సదియా ప్రాంతము చూపినది. అచ్చట సాలెపురుగులు విరివిగా బయలుదేరి పలువురిని కరచినవనియు, ఇద్దరు మరణించిరనియు వార్తలు వ్యాపించినవి. పరీక్షించుటకు వెళ్లిన శాస్త్రజ్ఞులు ఆ మరణములకు సాలెపురుగు విషమే కారణమని నిర్ధారింపలేకపోయిరి. బాధితులు ముందుగా గ్రామవైద్యుల కడకు పోగా, వారు గాయములను బ్లేడుతో కోసి నెత్తురు తీసిరని తెలియవచ్చినది. కోతవలన చెడినదెంతో, కాటువలన చెడినదెంతో చెప్పుట కష్టము.

మన యిండ్లలో వేరొక అపవాదును సాలెపురుగు మోయుచున్నది. తెల్లవారి లేచునప్పటికి మెడమీదనో కంటిప్రక్కనో వాతపెట్టినట్లు ఎఱ్ఱని చార లేచి, బొబ్బలెక్కి మండుచుండును. సాలెపురుగు ప్రాకినదనియు, ఉచ్చ పోసినదనియు అందురు. వానకాలమున దీపమునకు వచ్చు ఒక సన్నని పురుగు కలదు. నలుపును నారింజవర్ణమును ఒకదాని తరువాత నొకటిగా నుండి, పెద్ద చీమను పోలియుండును. ఇది కుట్టదు, కరవదు. నిద్రలో మనము దానిని చర్మముమీద నలిపినపుడు దాని దేహములోని ద్రవము తగిలి బొబ్బలెక్కించును. నలుపక ఊది వేయుటయు, తగిలినచోట సబ్బుతో కడుగుటయు, ఆ చేతితో కన్ను తుడుచుకొనకుండుటయు కావలెను. చార కాక, నడుమున ఒకే ప్రక్కన గుంపుగా బొబ్బలెక్కి నొప్పి చేసినచో అది సర్పి. వైద్యునకు చూపవలసిన వ్యాధి.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాము. రాత్రివేళ పాము పేరు పలుకరాదను ఆచారముచే మన పెద్దలు పామును పురుగందురు. "పురుగు ముట్టినది" అన్నచో పెద్దవారికి అర్థమగును. నేటి యువకులకును, పట్టణమునుండి వచ్చిన వైద్యునకును ఆ మాట సాలెపురుగో, జెఱ్ఱియో, చీమయో యని తోచును. ఇట్టి చిన్న మాట తేడా ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి వచ్చును. ఏలయన, మన యిండ్లలోనికి రాత్రులందు వచ్చు కట్లపాము కాటు సాలెపురుగు కాటుకంటె తేలికగా నుండును. దాని కోరలు చిన్నవి. నిద్రించువానికి చీమ కుట్టినట్లుండి మరల నిద్రపట్టును. వాపు లేదు, నెత్తురు లేదు; గుర్తులు వెదకినను కనబడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, గొంతునొప్పి మొదలగును. అజీర్ణమని వాము నీరు త్రాగింతురు. పిదప కనురెప్పలు వ్రాలును, చూపు రెండుగా కనబడును, మాట ముద్దయగును, గుటక పడదు, తుదకు ఊపిరి నిలుచును. చూరునుండి సాలెపురుగు పడి కుట్టినదని తలచి గడపిన ఆ నాలుగైదు గంటలే మనుష్యుని చంపునవి.

మన దేశమున 2000 మొదలు 2019 వరకు పాముకాటువలన ఏటేట సగటున 58,000 మంది మరణించిరని ఒక పెద్ద పరిశోధన తేల్చినది. చనిపోయినవారిలో హెచ్చుమంది పల్లెవారు. మన జిల్లాలోనే 2018 ఆగస్టులో దివిసీమయందు పాముకాట్లు పెచ్చుపెరిగి అవనిగడ్డ ఆసుపత్రికి దినదినమును బాధితులు వచ్చిరి. జనులు సాలెపురుగునకు జడిసి దీనికి జడియకుండుట మాకు వింతగా తోచుచున్నది.

కావున నేలపై పండుకొన్నవారికి రాత్రి ఏదో కుట్టినదని తోచి, కుట్టినదేదో కంటబడనిచో, పాము కరచినదనియే భావించి ఆసుపత్రికి పోవలెను. కరచిన కాలిని లేక చేతిని కదలనీయక బద్ద కట్టి, ఉంగరములు, మెట్టెలు, కడియములు తీసివేసి, నడిపింపక, 108కి ఫోను చేయవలెను. బిగించి త్రాడు కట్టుట, కోయుట, నోటితో పీల్చుట, పసరు పోయుట తగవు. పామును వెదకి చంపి తెచ్చుటకై కాలము పుచ్చరాదు. వైద్యుడు లక్షణములను బట్టియే నిర్ణయింపగలడు. అనుమానమున్నచోట కొంచెము నెత్తురును శుభ్రమైన గాజుగొట్టములో 20 నిమిషములు కదల్పక యుంచి, గడ్డకట్టనిచో రక్తపింజరి విషమని గ్రహింతురు. కట్లపాము విషయమున ఈ పరీక్షలో నెత్తురు గడ్డకట్టును. అందుచే పరీక్ష బాగున్నదని ఇంటికి తెచ్చుకొనక, 24 గంటలు ఆసుపత్రిలో నుంచవలెను. "పురుగు" అని చెప్పక, ఎప్పుడు కుట్టినది, ఎచ్చట పండుకొని యుండిరి, రెప్పలు ఎప్పుడు వ్రాలినవి అను మూడు సంగతులు విడమరచి చెప్పవలెను.

త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటి విషములకు విరుగుడైన మందు మన దేశమున తయారగుచున్నది. సాలెపురుగు విషమునకు ఆ మందు పనిచేయదు. దానికి వలయు విషమును సమకూర్చువారిలో మనవంటి సహకార సంఘమొకటి యుండుట సభ్యులకు సంతోషము కలిగించును. మద్రాసు సమీపమున ఇరుళ జాతివారు 1978లో సహకార సంఘముగా నేర్పడి, తోళ్లకై పాములను చంపు వృత్తిని మాని, వానిని పట్టి విషము తీసి మరల అడవిలో విడుచుచున్నారు.

జంక్షనుకు ఉత్తరమున నూజివీడు మెట్టప్రాంతమువారు తేలు సంగతి గూడ తెలిసికొనవలెను. ఇందును పరిమాణము చూచి మోసపోవుదురు. లావుపాటి డెక్కలు గల పెద్ద నల్ల మండ్రగబ్బ నొప్పి చేయునుగాని, సన్నని డెక్కలు గల చిన్న ఎఱ్ఱతేలు పిల్లల గుండెను దెబ్బతీయును. కుట్టినపిదప వాంతియు, ఒళ్లంత చెమటయు, చేతులు కాళ్లు చల్లబడుటయు కనబడినచో మంత్రము వేయించుచు కూర్చుండరాదు. మహారాష్ట్రములోని మహాడ్ అను చిన్న ఊరిలో వైద్యము చేసిన హిమ్మత్‌రావ్ బావస్కర్ గారు దీనికి ప్రాజోసిన్ అను చౌకయైన మాత్ర పనిచేయునని చూపిరి. అంతకు పూర్వము చనిపోవుచుండిన పిల్లలలో పెక్కుమంది దానివలన బ్రతుకుచున్నారు.

వెదకుటకు రాత్రియే అనుకూలము. టార్చిలైటును కన్నులకు సమముగా నుదుటిప్రక్కన పట్టి దొడ్డివైపు చూచినచో పొలపు సాలెపురుగుల కన్నులు మంచుబిందువులవలె మెరయును. నీలలోహితకాంతి నిచ్చు చిన్న దీపమును త్రిప్పినచో తేళ్లు పచ్చగా వెలుగును. ఆ దీపములు ఇప్పుడు తక్కువ ధరకే దొరకుచున్నవి. కట్టెల మోపు, పిడకల గూడు, ఇటుకల దొంతి ఇంటిగోడకు ఆనించక దూరముగా నుంచవలెను. గోనెసంచులను వట్టిచేతితో తీయక కఱ్ఱతో కదల్చి దులుపవలెను. చెప్పులను తట్టి తొడుగుకొనవలెను. ధాన్యపు పురికి చేరిన యెలుకలను తగ్గించినచో వానివెంట వచ్చు పాములును తగ్గును. గూళ్లు ఎక్కువయైనచో బూజుకఱ్ఱ చాలును, మందు అక్కరలేదు.

పండుకొనుటకు నేలకంటె నులకమంచము మేలు, కాని అది మాత్రమే చాలినంత రక్షణ కాదు. మంచము లేనివారు చాపమీదనే దోమతెర కట్టి, అంచులను చుట్టు చాపక్రిందికి మడిచి త్రొక్కవలెను. దీనివలన దోమయు, దీపపు పురుగును, చూరునుండి పడు సాలెపురుగును, కట్లపామును గూడ లోనికి రావు. తెర అంచు వదులుగా వ్రేలాడ విడిచినచో కట్టియు ప్రయోజనము లేదు.