పాతిపెట్టిన కారు – అప్పగించిన నిధి

పాఠభాగములు: యిర్మీయా 32:6–15, మత్తయి 6:19–21, 2 తిమోతి 1:5–14

ధ్యానాంశము: రాబోవు తరము నిమిత్తము మనము దేనిని దాచుచున్నాము? దానికి కాపరి ఎవరు?



నెల్లూరు తీరమున కాపురముండు మనకు తుప్పును గూర్చి వేరుగా బోధింపనక్కరలేదు. తూర్పున బంగాళాఖాతము, పడమట పులికాటు సరస్సు, నడుమ ఇసుకదీవియైన శ్రీహరికోట. ఉప్పుగాలి తలుపు గొళ్లెమును, సైకిలు చైనును, బావి గిలకను తినివేయుట ఈ ప్రాంతపు ప్రతి ఇంటివారును ఎరిగినదే. ప్రభువైన యేసు కొండమీద బోధించినప్పుడు భూమిమీది ధనమునకు ముగ్గురు శత్రువులను చూపెను: చిమ్మెట, తుప్పు, దొంగ. దొంగకు భయపడి తాళము వేయుదుము. చిమ్మెటకు భయపడి కలరా ఉండలు వేయుదుము. తుప్పు మాత్రము తాళము వేసిన గదిలోనే నెమ్మదిగా తన పని చేసికొనును. ఈ మాసపు పాఠములో 2007వ సంవత్సరమున జరిగిన రెండు సంగతులను వాక్యపు వెలుగులో చూతము. ఒకటి దూరదేశమందు జరిగినది, రెండవది మన శ్రీహరికోటయెదుట సముద్రములో జరిగినది.

1. టల్సా నగరపు కారు

అమెరికా దేశమందలి ఓక్లహోమా 1907లో రాష్ట్రమాయెను. 1957లో దాని స్వర్ణోత్సవము జరిగినప్పుడు, ఏబది సంవత్సరముల తరువాత రాబోవు తమ మనుమలకు ఒక బహుమానము పంపవలెనని టల్సా నగరవాసులు తలంచిరి. ఆ యేడు జూన్ 15న వారు ప్లిమత్ బెల్వెడియర్ అను సరిక్రొత్త కారును న్యాయస్థానపు ఆవరణలో, పచ్చికక్రింద కట్టిన కాంక్రీటు గదిలోనికి దించి పూడ్చిపెట్టిరి. ఇట్లు భావితరములకొరకు దాచిన దానిని కాలపేటిక అందురు. మన దేశములోను 1973 ఆగస్టు 15న ఢిల్లీ ఎర్రకోటయొద్ద కాలపాత్ర అను పేరున ఒకటి పాతిపెట్టిరి. ప్రభుత్వము మారిన పిమ్మట 1977లో దానిని త్రవ్వి తీసిరి.

టల్సావారు తమకు తెలిసిన జాగ్రత్తలన్నియు తీసికొనిరి. కారునకు రక్షణలేపనము పూసి, పైన పొరలు చుట్టిరి. 2007 నాటికి పెట్రోలు దొరకదేమోయని పెట్రోలును, ఇంజను నూనెనుకూడ దానితో ఉంచిరి. అణుబాంబు పడినను ఆ గది నిలుచునని చెప్పుకొనిరి. 2007లో నగర జనాభా ఎంతయుండునో ఎవరు దగ్గరగా ఊహింతురో వారికే ఆ కారు చెందవలెనని పోటీయు పెట్టిరి.

ఏబది సంవత్సరములు గడిచెను. 2007 జూన్ మాసమున వేలాదిమంది చూచుచుండగా కారును పైకి తీసిరి. గదిలోనికి నీరు చేరియుండెను. బంగారు, తెలుపు వన్నెల కారు అడుగునుండి పైవరకు తుప్పుపట్టియుండెను, ఇంజను కదలలేదు. పోటీలో గెలిచిన మనుష్యుడు 1979లోనే మరణించియుండెను. కారు ఆయన బంధువులకు చెందెను. లూకా 12వ అధ్యాయములోని ధనవంతుని దేవుడు అడిగిన ప్రశ్న, అతడు సిద్ధపరచుకొనినవి ఎవరివగునన్న ప్రశ్న, ఇక్కడ మనకు జ్ఞాపకము రాకమానదు.

ఒక్క విశేషము గమనింపుడి. కారుతోకూడ అన్నివైపుల గట్టిగా మూసిన ఉక్కు పేటిక ఒకటి పూడ్చియుండిరి. దానిలోని పత్రములు, ఆనాటి 48 నక్షత్రముల జెండా చెడిపోక దొరికెను. మెరుగులు దిద్దిన గొప్ప వాహనము పాడాయెను. కాగితముమీద వ్రాసిన మాటలు నిలిచెను.

ఆ ప్రజలను చూచి మనము నవ్వరాదు. ఇంకను పుట్టని బిడ్డలను ప్రేమించిరి గనుకనే వారు ఆ పని చేసిరి. అయితే వారు భయపడినది జరుగలేదు. పెట్రోలు 2007లోను వీధివీధిని దొరికెను. వారికి హాని చేసినది వానకును నేలకును సహజమైన నీరు. అంతేకాదు, కారును పూడ్చిన నాలుగు నెలలలోపే, 1957 అక్టోబరు 4న, రష్యావారి స్పుత్నిక్ ఆకాశమునకు ఎగిరి క్రొత్త యుగమును ఆరంభించెను. రేపేమి సంభవించునో మనకు తెలియదని యాకోబు తన పత్రిక 4వ అధ్యాయములో హెచ్చరించినది ఇందుకే.

2. సముద్రములో దిగిన పేటిక

ఆ యుగమే మన తీరమునకును వచ్చెను. 1969లో ఉపగ్రహ ప్రయోగములకై శ్రీహరికోటను ఎన్నుకొనిరి. 1971లో అక్కడనుండి మొదటి చిన్న రాకెట్టు లేచెను. 2007 జనవరి 10న పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ఇతర ఉపగ్రహములతోకూడ 550 కిలోల బరువుగల ఒక పేటికను తీసికొనిపోయెను. అంతరిక్షమునకు పంపినదానిని మరల క్షేమముగా భూమికి రప్పించుట నేర్చుకొనవలెనని శాస్త్రజ్ఞులు ఆ ప్రయోగము చేసిరి. పన్నెండు దినములు అది భూమిచుట్టు తిరిగి, జనవరి 22న శ్రీహరికోటకు తూర్పున సుమారు 140 కిలోమీటర్ల దూరమున బంగాళాఖాతములో దిగెను.

గాలిపొరలోనికి ప్రవేశించునప్పుడు పుట్టు వేడిమి సామాన్యమైనది కాదు. పేటికకు సిలికా పలకలు అతికిరి. దాని ముందుభాగమునకు, తాను కాలి అరుగుచు లోపలిదానిని కాపాడు కవచమును తొడిగిరి. వేగము తగ్గించుటకు పారాచూట్లు, నీటిపై తేలుటకు సాధనములు అమర్చిరి. బెంగుళూరు, లక్నో, శ్రీహరికోట, మారిషస్ మొదలగు స్థలములలోని కేంద్రములు దాని జాడను కనిపెట్టుచుండెను. సముద్రముమీద తీరరక్షక దళమును నౌకాదళమును సిద్ధముగా నుండి దానిని తీసికొనివచ్చెను.

పన్నెండు దినములను ఏబది సంవత్సరములతో పోల్చుట న్యాయము కాదని ఎవరైన అనవచ్చును. నిజమే. మేము చూపగోరునది కాలపు పొడవు కాదు. కారును గోడకు అప్పగించి మనుష్యులు ఇండ్లకు వెళ్లిరి. పేటికను అగ్నిలోనికి పంపినవారు దానిమీదనుండి తమ కన్ను త్రిప్పలేదు. భద్రపరచుట అనగా మూసివేయుట కాదు, కనిపెట్టియుండుట.

3. యిర్మీయా మంటికుండ

పరిశుద్ధ గ్రంథములోను ఒక కాలపేటిక కలదు. సిద్కియా యేలుబడి పదియవ సంవత్సరమున బబులోను సేన యెరూషలేమును ముట్టడించియుండెను. యిర్మీయా ప్రవక్త బందీగా చెరసాల ప్రాకారములో నుండెను. అట్టి సమయమున అతని పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలమును కొనుమని అడిగెను. శత్రువుల చేతికి పోనున్న పొలమును ఎవరు కొందురు? అయినను యెహోవా మాట చొప్పున యిర్మీయా 17 తులముల వెండి తూచి యిచ్చి, సాక్షులయెదుట క్రయపత్రము వ్రాయించి, అది బహుదినములుండునట్లు మంటికుండలో ఉంచుమని బారూకునకు ఆజ్ఞాపించెను.

మంటికుండ బలహీనమైనదని మనము అనుకొందుము. అయితే 1947 ప్రాంతమున మృతసముద్రపు ఒడ్డున కుమ్రాను గుహలలో ఇట్టి జాడీలలోనే సుమారు రెండువేల సంవత్సరములనాటి చర్మపు గ్రంథములు దొరికెను. వాటిలో యెషయా గ్రంథము 66 అధ్యాయములును ఉన్నవి. పొడినేలలో మంటిజాడీ చేసిన పనిని తడినేలలో కాంక్రీటు గది చేయలేకపోయెను.

అయినను యిర్మీయా నమ్మిక కుండమీద లేదు. ఈ దేశములో ఇండ్లును పొలములును ద్రాక్షతోటలును ఇంకను కొనబడునని దేవుడు మాట యిచ్చెను. ఆ మాట నిలిచెనా? ఎజ్రా 2:23 చూడుడి. చెరనుండి తిరిగివచ్చినవారి పట్టికలో అనాతోతువారు 128 మంది! పొడుగైన పేర్ల పట్టికయని ఆ అధ్యాయమును దాటవేయుచున్నాము గాని, యిర్మీయా క్రయపత్రమునకు ప్రత్యుత్తరము అక్కడనే యున్నది. కుండకు వెనుక కాపరియున్నాడు.

4. అప్పగించబడిన నిధి

పౌలు మరణము సమీపించిన దినములలో తిమోతికి వ్రాయుచు రెండు సంగతులు చెప్పెను. తాను ప్రభువునకు అప్పగించినదానిని ఆయన ఆ దినమువరకు కాపాడ శక్తిమంతుడనునది ఒకటి. తిమోతికి అప్పగింపబడిన మంచి పదార్థమును పరిశుద్ధాత్మవలన కాపాడుమనునది రెండవది. ఆ విశ్వాసము తిమోతికి ఏ పెట్టెలోనుండియు రాలేదు. అవ్వయైన లోయినుండి తల్లియైన యునీకేకును, తల్లినుండి కుమారునికిని వచ్చెను.

మన తెలుగు సంఘములలోను ఇట్టి సాక్ష్యము కలదు. 1854 జనవరి 1న సూర్యోదయవేళ, నెల్లూరు మిషనుకు చెందిన జ్యూయెట్ దొరగారును, ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండమీద ప్రార్థించిరి. ఆ ఊరికి దేవుని సేవకుని పంపుమని అడిగిరి. వారు అక్కడ ఏమియు పాతిపెట్టలేదు. మనవిని దేవుని చేతిలో ఉంచిరి. 1866లో క్లౌ దొరగారు ఒంగోలునకు వచ్చెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

5. మన ఇండ్లలోని మూసిన పేటిక

ఇప్పుడు మన ఇండ్లకు వత్తము. అవ్వ చదివిన తెలుగు బైబిలు అనేక గృహములలో ఇంకను ఉన్నది. గుడ్డలో చుట్టి, ట్రంకుపెట్టెలోనో బీరువాలోనో గౌరవముగా దాచియున్నాము. కాని ఇంగ్లీషు బడులలో చదువుచున్న మన బిడ్డలలో ఎందరో దానిలో ఒక వచనమైనను కూడబలుక్కొని చదువలేరు. పుస్తకమునకు చెదలు పట్టలేదు. అయినను బిడ్డకు అది మూసిన పేటికయే. అవ్వ అంచులలో గీచిన గీతలు, దుఃఖదినమున పేజీమీద వ్రాసికొనిన తేదీ, ఇవన్నియు మనుమనికి మూగవైపోవుచున్నవి. ఇది ఎవరినో నిందించుటకు చెప్పుచున్నది కాదు. ఉద్యోగముల నిమిత్తము చెన్నపట్టణమునకును హైదరాబాదునకును పరదేశములకును పోవు పిల్లలకు ఇంగ్లీషు కావలసినదే. వారు ఏ భాషలో చదివినను వాక్యము వాక్యమే. అయితే ఇంటి విశ్వాసము ఇంటిభాషలో అందకపోయినయెడల, మనము బిడ్డలకిచ్చునది పాతిపెట్టిన కారువంటి జ్ఞాపకవస్తువే యగును.

గనుక మూడు పనులు చేయుదము. మొదట, దాచిన బైబిలును బయటికి తీసి ఇంటిలో అందరికిని కనబడుచోట ఉంచుదము. రెండవది, రాత్రి ప్రార్థనయందు దినమునకు రెండు వచనములైనను బిడ్డచేత తెలుగులో చదివింతము. తప్పు చదివినచో కసరక దిద్దుదము. మూడవది, మన వృద్ధులు ప్రభువు తమకు చేసిన మేలులను మనుమలకు నోటితో చెప్పవలెను. వారు కన్నుమూసిన తరువాత ఆ పేటికను తెరచువారు ఉండరు. మూయబడిన మన్నా మరునాటికి పురుగుపట్టెను. దినదినము కూర్చుకొనినదియే ఇశ్రాయేలీయులను నలువది సంవత్సరములు పోషించెను.

ఆలోచనకు ప్రశ్నలు

1. మత్తయి 25:24–30లో తలాంతును భూమిలో దాచినవాని తప్పేమి? అతడు పోగొట్టలేదు గదా?
2. పరలోకమందు ధనము కూర్చుకొనుట మన దినచర్యలో ఎట్లు జరుగును?
3. మీకు విశ్వాసమును అప్పగించినవారెవరు? మీరు ఎవరికి అప్పగించుచున్నారు?

ప్రార్థన: ప్రభువా, మా పితరులను కాపాడిన కాపరివి నీవే. మా చేతులలో ఉంచిన నిధిని మేము పాతిపెట్టక, మా బిడ్డల చేతులలో ఉంచునట్లు మాకు ఓర్పును ప్రేమను దయచేయుము. వారు ఎంత దూరము వెళ్లినను నీ కన్ను వారిమీదనుండి త్రిప్పకుము. ఆమేన్.