పొద్దుగూకితే గడప కనిపించదు

జహీరాబాద్ పాఠకురాలొకరు బరువు తగ్గడానికి బైపాస్ సర్జరీ చేయించుకున్నారు. రెండేళ్లకు పొద్దుగూకితే గడప కనిపించడం లేదు, కళ్లు మండుతున్నాయి. ఎందుకని ఆమె ప్రశ్న.

జవాబు: రేచీకటి కావచ్చు. ఎ విటమిన్ కొవ్వుతో కలిసే ఒంటికి పడుతుంది. ఈ సర్జరీలో తిండి చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించుకుని పోతుంది కాబట్టి రెండూ సరిగా అందవు.

జహీరాబాద్ చేలల్లో తమంతట తామే మొలిచే దొగ్గలికూర, తుమ్మికూర ఎ విటమిన్‌కు మంచివే. పేగు పీల్చుకోకపోతే మాత్రం కూరొక్కటే చాలదు.

కంటి తెల్లగుడ్డుపై నురగలాంటి మచ్చ కనిపిస్తే వెంటనే కంటి డాక్టర్‌కు చూపించాలి. రక్తపరీక్షలో ఎ విటమిన్‌తోపాటు బి12, రాగి కూడా చూడాలి. బి12, రాగి తగ్గితే కంటి నరం దెబ్బతినవచ్చు. ఆగని వాంతులతో ఒకటి రెండుగా కనిపిస్తే బి1 లోపమని అనుమానించి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. విటమిన్ల మోతాదు డాక్టరే చెప్పాలి. గర్భిణికి ఎ విటమిన్ ఎక్కువైతే బిడ్డకు హాని.