నల్లరేగడి నేలపై నిలుచు ప్రాంగణము

పంచాయతీ కార్యాలయము ముంగిట గాని, పాఠశాల ఆవరణలో గాని బండలు పరపించుట నేడు అనేక గ్రామములు తలపెట్టుచున్న పని. గుంటూరు, ప్రకాశము, కర్నూలు, ఆదిలాబాదు మొదలగు జిల్లాలలోని నల్లరేగడి గ్రామములలో ఇట్టి పని పెక్కుసార్లు కొలది వానకాలములకే చెడిపోవుచున్నది. బండలు ఒకచోట లేచును, వేరొకచోట కుంగును. వృద్ధులు, పిల్లలు తట్టుకొని పడుదురు. గ్రామనిధి రెండవమారు వ్యయమగును. లోపము చాలవరకు బండల క్రిందనున్న మట్టిలోనే యున్నది. దానిని గూర్చి సభ్యులకు ఇచ్చట వివరింపదలచితిమి.

మట్టి స్వభావము: రేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అను మిక్కిలి సన్నని బంకఖనిజము కలదు. దాని పొరల నడుమకు నీరు చొచ్చినపుడు మట్టి ఉబ్బును. ఎండినపుడు ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. ప్రాంగణపు అంచు వానకు తడిసి, నడిభాగము పొడిగా నుండుటచే ఈ కదలిక ఎగుడుదిగుడుగా జరిగి బీటలు కలుగును. ఎంత మందపు గచ్చు వేసినను దీనిని ఆపుట కష్టము. క్రింది తేమ ఏడాది పొడుగున ఇంచుమించు ఒక్కతీరుగా నుండునట్లు చూచుటయే మార్గము.

పరీక్ష: ఎండిన మట్టిని మెత్తగా జల్లించి, రెండు గాజుపాత్రలలో సమముగా పోసి, ఒకదానిలో నీరు, రెండవదానిలో కిరసనాయిలు నింపి కలిపి ఒక దినముంచవలెను. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు. నీటిలోని మట్టి దానికంటె ఎంత ఎత్తుగా నిలిచిన, ఆ నేల అంతగా ఉబ్బునని గ్రహింపవలెను.

పని క్రమము: వానలు వెనుకబట్టి నేల పదునుమీద నున్నపుడు పని ప్రారంభించుట మేలు. నడివేసవిలో నెఱ్ఱెలు విచ్చిన నేలపై పరచిన బండలు తొలకరికే లేచును. సుమారు ఒకటిన్నర అడుగు రేగడిని తీసివేసి, గోతి అడుగును కూడ నీరుపోవు దిక్కునకు వాలుగా చెక్కవలెను. ఆ చోటును ఉబ్బని గరుసుమట్టితో, అనగా మొరముతో, 6 అంగుళముల పొరలుగా నింపి, ప్రతి పొరను తడిపి దిమ్మిసతో గట్టిపరుపవలెను. గోతినంతయు ఇసుకతో నింపుట ప్రమాదము; బంకనేల నడుమ ఇసుక నీటితొట్టివలె తేమను నిలుపును. బండల క్రింద ఒక అంగుళము ఇసుక చాలును. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్ళు వాడునపుడు నునుపు చేయనివి ఎన్నుకొన్న కాలు జారదు. ప్రతి 5 అడుగులకు 1 అంగుళము చొప్పున వాలు గోడకు ఎదురుదిక్కునకు ఉండవలెను; అంచున కాలువ త్రవ్వి ఊరి మురుగుకాలువలో కలుపవలెను.

చెట్లు: వేప, రావి వంటివి దూరమునుండియే నేలలోని తేమను పీల్చును. పెరిగిన చెట్టు ఎంత ఎత్తగునో, బండలకు కనీసము అంత దూరమున నాటుట క్షేమము. దగ్గర మందార, నందివర్ధనము వంటి పొదలు చాలును. వాటి పాదులు బండలకంటె పల్లమున నుండవలెను. కుళాయి నీరు గచ్చు ప్రక్కన నిలువరాదు.

బండలు పరచిన పిమ్మట గోతిలోతు, గరుసు మందము ఎవరికిని కనబడవు. కావున సభ్యులు పై పొర మూయక మునుపే స్వయముగా వచ్చి, కొలకఱ్ఱతో కొలిచి, తృప్తిపడిన తరువాతనే తక్కిన పనికి అంగీకరింపవలెనని మా మనవి. ఆ ఒక్క పూట శ్రమ గ్రామధనమును కాపాడును.