చేవ, చిత్రిక, లక్క: చేతి వడ్రంగంలో మొదటి పాఠాలు

మన క్లబ్ మీటింగుల్లో తరచూ వినే మాట ఒకటుంది: "కథ బాగుంది, కానీ ఇంకొంచెం చిత్రిక పట్టాలి." చిత్రిక అంటే వడ్రంగి చెక్కని నున్నగా చేసే పనిముట్టు. తెలంగాణలో చాలాచోట్ల దీన్నే రంద అంటారు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు యూట్యూబ్ పుణ్యమా అని ముందు "ప్లేన్" తెలిసింది, చిత్రిక ఆ తర్వాత తెలిసింది. ఏడాదిన్నరగా సెలవులు దొరికినప్పుడల్లా చెక్కపని చేస్తున్నాను. కరెంటు మెషిన్లు లేవు, అన్నీ చేతి పనిముట్లే. ఈ హాబీ మొదలుపెట్టాలనుకునే ఫ్రెండ్స్ కోసం నేను నేర్చుకున్నవి వరసగా రాస్తున్నా.

1. ముందు చెక్కని చదవాలి

చెట్టు కాండం మధ్యలో ముదురు రంగులో ఉండే గట్టి భాగాన్ని చేవ అంటారు. "వాడిలో చేవ ఉంది" అని మనుషుల గురించి అనే మాట ఇదే. చేవ చుట్టూ, బెరడు వైపు లేత రంగులో ఉండే భాగంలో పిండిపదార్థం ఎక్కువ. అందుకే పురుగు ముందు అక్కడే పడుతుంది. టేకు కొనేటప్పుడు ముక్క అంచున తెల్లటి పట్టీ కనిపిస్తే అది చేవ కాదని గుర్తుపెట్టుకోండి.

రెండో సంగతి పోగులు. చెక్క అంటే పక్కపక్కనే పేర్చిన సన్నటి గొట్టాల కట్ట అనుకోండి. గాలిలో తేమ పెరిగితే ఆ గొట్టాలు లావెక్కుతాయి తప్ప పొడుగు దాదాపు మారదు. అందుకే వానాకాలంలో తలుపు వెడల్పులో బిగుసుకుంటుంది, ఎత్తులో కాదు. పూత ఎంత మంచిదైనా ఈ కదలికని నెమ్మదింపజేస్తుంది కానీ ఆపలేదు. డిజైన్ చేసేటప్పుడే దానికి చోటు వదలాలి.

2. పదును

పదును అంటే రెండు నున్నటి తలాలు ఒక గీత దగ్గర కలవడం, అంతే. ఉలికి వెనక వైపు ఒక తలం, ముందు వాలుగా ఉన్నది ఇంకో తలం. ఏ ఒక్కటి గరుకుగా ఉన్నా ఆ గీత రంపపు పళ్ళలా తయారవుతుంది. కాబట్టి ముందు వెనక వైపు చదును చెయ్యాలి. కొత్త ఉలికి ఈ పని ఒకసారి చేస్తే చాలు. తర్వాత వాలుని 25 డిగ్రీల దగ్గర 1000 గ్రిట్ సానరాయి మీద అరగదియ్యాలి. వెనక వైపు వేలితో తడిమితే సన్నటి అంచు తగులుతుంది. అది ఉలి వెడల్పంతా తగిలితేనే ఆ రాయి మీద పని అయినట్టు. ఆ తర్వాత కోణాన్ని కొంచెం పెంచి, సుమారు 30 డిగ్రీల దగ్గర 6000 గ్రిట్ రాయి మీద నాలుగైదు సార్లు లాగాలి. చివరగా తోలు ముక్క మీద రుద్దితే ఆ అంచు ఊడిపోతుంది.

పదును చూడటానికి గోరు మీద పెట్టి ప్రయోగాలు చెయ్యక్కర్లేదు. మెత్తటి చెక్క ముక్క కొసని, అంటే పోగులు తెగిన వైపు, ఉలితో పల్చగా తరగండి. నలగకుండా మెరుస్తూ తెగితే పదును ఉన్నట్టు. మెత్తటి చెక్కే ఎందుకంటే, గట్టి చెక్క మొద్దు ఉలికి కూడా ఎంతో కొంత తెగుతుంది. మెత్తటిది నలిగిపోయి నిజం చెప్పేస్తుంది.

3. చిత్రిక పట్టడం

ఇనుప చిత్రికల్లో ఎక్కువమంది మొదట కొనేది నాలుగో నంబరు. పొడుగు సుమారు పది అంగుళాలు, బ్లేడు రెండు అంగుళాలు. బ్లేడు 45 డిగ్రీల వాలులో కూర్చుంటుంది. మన పక్క పాత వడ్రంగుల చేతుల్లో కనిపించే చెక్క చిత్రికలో బ్లేడుని ఒక మేకు బిగించి పట్టుకుంటుంది, సుత్తితో తట్టి సరిచేస్తారు. రెండింటి పనీ ఒకటే: ఎత్తుగా ఉన్నచోట తరగడం, పల్లంగా ఉన్నచోట తగలకుండా పోవడం. సాండ్‌పేపర్‌కి ఆ తెలివి లేదు. ఎత్తునీ పల్లాన్నీ కలిపే గీకేస్తుంది.

మా ఊళ్ళో ఒక మేస్త్రి గారి దగ్గర కూర్చుని పని చూశాను. ఆయన బల్ల వాడరు. నేల మీద కూర్చుని, చెక్కని కాలితో అదిమి, చివర గోడకి ఆనించి పని చేస్తారు. హాస్టల్ రూములో ఉండేవాళ్ళకి ఇంతకన్నా మంచి కబురు లేదు, వర్క్‌బెంచ్ లేదని ఆగక్కర్లేదు. నేను చిత్రిక తోస్తుంటే ఆయన అటు తిరిగి టీ తాగుతూనే, "ఎదురు పోగు బాబూ, తిప్పు" అన్నారు. చప్పుడు బట్టే తెలుస్తుందట. ఆయన మాట నిజమే. పోగు వాలిన వైపు తోస్తే "స్స్" అని ఒకే శబ్దం, పొడుగాటి చుట్టలు వస్తాయి. ఎదురు తోస్తే పటపటమని పోగు చీలి లేస్తుంది. చెక్క పక్కవైపు చూస్తే గీతలు ఎటు ఎక్కుతున్నాయో కనిపిస్తుంది. అవి ఎక్కే దిక్కులోనే తొయ్యాలి, కుక్కని తల నుంచి తోక వైపు నిమిరినట్టు.

4. పూత: ఒకే పలకమీద నాలుగు రకాలు

ఒక టేకు పలకని చిత్రిక పట్టి, నాలుగు గళ్ళు గీసి, ఒక్కో గడికి ఒక్కో పూత వేశాను. ఈ ప్రయోగం ఎవరైనా చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా.

అవిసె నూనె: రంగు లోతుగా, వెచ్చగా వచ్చింది. నూనె ఆరడం అంటే ఆవిరవడం కాదు. అవిసె నూనె అణువుల్లో ద్విబంధాలు ఎక్కువ. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అవి ఒకదానికొకటి ముడిపడతాయి. మన భాషలో చెప్పాలంటే విడివిడి నోడ్స్ మధ్య ఎడ్జెస్ పడి, చివరికి అంతా ఒకే గ్రాఫ్ అయిపోతుంది. కొబ్బరినూనెలో ద్విబంధాలు చాలా తక్కువ కాబట్టి అది ఎన్నాళ్ళున్నా నూనెగానే ఉంటుంది. పచ్చి అవిసె నూనె ఒక్కో పూతకి రోజులు పడుతుంది. షాపులో "బాయిల్డ్" అని అమ్మేదాంట్లో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు.

లక్క: ఇది లక్క పురుగు మోదుగ, రేగు, కుసుమ లాంటి చెట్ల కొమ్మల మీద విడిచే జిగురు. శుద్ధి చేసిన పెచ్చుల్ని స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ఉండతో పల్చగా రుద్దాలి. నేను ఒక గ్రాము పెచ్చులకి సుమారు నాలుగు మిల్లీలీటర్ల లెక్కన కలిపాను. స్పిరిట్ ఆవిరవగానే పూత ఆరిపోతుంది, అరగంటలో రెండోది వెయ్యొచ్చు. రెండో పూత మొదటిదాన్ని కొంచెం కరిగించి అందులో కలిసిపోతుంది. కలిపిన ద్రావణం నెలల తరబడి నిలవుంటే సరిగ్గా గట్టిపడదు, అందుకే కొంచెం కొంచెమే కలుపుకోవాలి.

పాలీయురితేన్ వార్నిష్: నీళ్ళకీ వేడికీ నాలుగింట్లోనూ గట్టిది. అయితే గీత పడితే అక్కడ మాత్రం సరిచెయ్యడం కష్టం. కొత్త పూత పాతదాంట్లో కరగదు, పైన అతుక్కుంటుంది.

తేనెమైనం: ముట్టుకుంటే హాయిగా ఉంది. నీటి చుక్క పది నిమిషాలుంటే మచ్చ పడింది.

నాలుగు గళ్ళ మీదా వేడి టీ గ్లాసు పెట్టి చూశాను. లక్క మీద తెల్లటి వలయం వచ్చింది, వార్నిష్ మీద ఏమీ రాలేదు. "అయితే వార్నిషే గెలిచింది కదా" అంటారేమో. ఏ వస్తువుకి అన్నది తేలకుండా గెలుపు తేలదు. డైనింగ్ టేబుల్‌కి వార్నిషే సరి. మరి పాత కుర్చీకి?

5. పాత వస్తువు దగ్గర ఆగాలి

మా ఇంట్లో తాతయ్య పడక కుర్చీ ఉంది. ఆయన పోయి ఐదేళ్ళయింది. కుడి చెయ్యి ఆనించే చోట పూత అరిగి, చెక్క అద్దంలా నున్నగా అయింది. రోజూ పేపరు చదువుతూ అక్కడే వేలితో తాళం వేసేవారు. మొత్తం సాండింగ్ కొట్టించి కొత్త పాలిష్ పెట్టిస్తే తళతళలాడుతుందని నాన్న అన్నారు. అమ్మమ్మ ఏమీ అనలేదు కానీ ఆ రోజంతా కుర్చీ పక్కనుంచి లేవలేదు.

పాత పూత ఏదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. కనపడని చోట, అంటే సీటు కింద, దూదితో ఒక చుక్క స్పిరిట్ పెట్టాలి. జిగటగా మారితే లక్క. స్పిరిట్‌కి కదలక థిన్నర్‌కి మెత్తబడితే లాకర్. రెండింటికీ కదలకపోతే వార్నిష్ జాతి. మా కుర్చీ జిగటగా మారింది. అంటే కొత్త లక్క పాత లక్కలో కలిసిపోతుంది, గీకాల్సిన పనే లేదు. నాన్నకి సీటు కింద ఆ చుక్క చూపించాను. కాసేపు చూసి, "సరే, నీ ఇష్టం రా" అన్నారు. తడిగుడ్డని గట్టిగా పిండి దుమ్ము తుడిచి, ఆరాక పల్చటి లక్క మూడు పూతలు రుద్దాను. అరిగిన చోట ఒక్క పూతే వేశాను. పల్లం అలాగే ఉంది, చెయ్యి పెడితే తెలుస్తుంది. రేపు ఎవరికైనా ఈ పూత నచ్చకపోతే స్పిరిట్‌తో తీసెయ్యొచ్చు. సాండింగ్‌తో పోయిన చెక్కకి మాత్రం అన్‌డూ లేదు.

6. ప్రాణాల మీదికి తెచ్చుకోవద్దు

అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డల్ని ఉండచుట్టి డస్ట్‌బిన్‌లో పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, నిప్పు లేకుండానే అంటుకుంటాయి. గుడ్డని విప్పి, మంటకి దూరంగా ఆరుబయట ఒక్క మడతగా ఆరేసి, గట్టిపడ్డాకే పారెయ్యండి. హాస్టల్లో ఇది మరీ ముఖ్యం. స్పిరిట్ పని కూడా గాలి ఆడే చోటే చెయ్యాలి, దగ్గర్లో స్టవ్ ఉండకూడదు. అందులో మిథనాల్ కలిపి ఉండొచ్చు, తాగితే విషం. పీల్చడం, చేతులకి పూసుకోవడం కూడా మంచిది కాదు, గ్లవ్స్ వేసుకోండి.

7. ఏం కొనాలి, ఏం అడగాలి

మొదలుపెట్టడానికి ఒక రంపం, అర అంగుళం ఉలి ఒకటి, ఒక చిత్రిక, ఒక సానరాయి, ఒక మూలమట్టం చాలు. డబ్బు తక్కువుంటే మిగతావి ఆపి సానరాయి మంచిది కొనండి. చవక ఉలికి మంచి పదును పెట్టొచ్చు, ఖరీదైన ఉలి మొద్దుగా ఉంటే దేనికీ పనికిరాదు. లక్క పని ఎంత దూరం పోయిందో చూడాలంటే ఏటికొప్పాక వెళ్ళండి. అక్కడ అంకుడు కర్రని తరిణె పట్టి, తిరుగుతుండగానే రంగు లక్కని ఆనిస్తారు. రాపిడి వేడికే అది కరిగి కర్రకి పట్టేస్తుంది. 2017లో ఆ బొమ్మలకి జీఐ గుర్తింపు వచ్చింది.

ఇంకో పని కూడా ఉంది, దానికి డబ్బు అక్కర్లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో వచ్చింది. ఊరూరా తిరిగి, పని చేసేవాళ్ళనే అడిగి పోగేసిన మాటలవి. ఇప్పుడు మన ఊళ్ళలో ప్లైవుడ్, లామినేట్ పని పెరిగి చిత్రికలు అటకెక్కుతున్నాయి, వాటి పేర్లూ వాటితోపాటే. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు మీ ఊరి మేస్త్రి గారి పనిముట్ల పెట్టె ఒక్కసారి తెరిపించండి. ఒక్కోదాన్నీ ఏమంటారో అడిగి, ఊరి పేరుతో సహా రాసుకుని క్లబ్‌కి పంపండి. షీట్ నేను తయారుచేస్తాను. మొదటి వరసలో మా మేస్త్రి గారి మాట ఒకటి పెట్టేశాను: కుసి. ఒక చెక్క బెజ్జంలో దూరడానికి ఇంకో చెక్క చివర సన్నగా చెక్కే భాగం అది. రెండో వరస ఖాళీగా ఉంది.