యౌవనుల నోటి మాట

పిల్లలు ఫోను విడువకున్నారను ఫిర్యాదు నేడు ప్రతి యింటను వినబడుచున్నది. ఆ పిల్లలు తమ్మునుగూర్చి తామేమి చెప్పుకొనుచున్నారో ఆలకించినవారు తక్కువ. తీర్పు చెప్పుటకు ముందు సాక్షిని విచారించుట న్యాయము గదా.

అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ అను పరిశోధనా సంస్థ 2023 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో 13 మొదలు 17 ఏండ్ల వయస్సుగల 1,453 మందిని, వారి తలిదండ్రులను ప్రశ్నించెను. స్మార్ట్‌ఫోనుతో మితిమీరి కాలము గడుపుచున్నామని నూటికి 38 మంది పిల్లలు ఒప్పుకొనిరి. తమ వాడుక తగినంతయే యని 51 మంది పలికిరి. ఫోను దగ్గర లేనప్పుడు తరచుగానో, అప్పుడప్పుడో మనస్సు నెమ్మదిగా నుండునని 72 మంది చెప్పగా, ఆందోళన కలుగునని 44 మంది చెప్పిరి. ఈ రెండు సంఖ్యలను కూడినచో నూరు దాటును. లెక్క తప్పలేదు, ఒకే బాలునికి, ఒకే బాలికకు రెండును కలుగుచున్నవి. ఫోను లేకున్న హాయి, లేకున్న బెంగ! పెద్దలకు ఇది వింతగా తోచినయెడల తమ ఫోనును ఒక పూట బీరువాలో పెట్టి చూచుకొనవచ్చును.

అదే సంస్థ 2024లో మరల అడిగి, 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన వివరములు మరింత ఆలోచింపదగినవి. సామాజిక మాధ్యమములు తమ యీడువారికి ముఖ్యముగా కీడే చేయుచున్నవని నూటికి 48 మంది తలంచిరి. 2022లో అట్లు తలంచినవారు 32 మందియే. అయితే తమకు స్వయముగా కీడు కలుగుచున్నదని చెప్పినవారు 14 మంది మాత్రమే! ఇది కపటమని త్రోసివేయరాదు. స్నేహితురాలి వాడిన ముఖము కంటికి కనబడును. తన ముఖము తనకు కనబడదు. కావున యౌవనుల తరగతిని నడుపువారు “నీకేమి నష్టము కలిగినది?” అని మొదటనే అడిగినయెడల మౌనమే ఎదురగును. “నీ తోటివారిలో ఏమి చూచుచున్నావు?” అని ఆరంభించిన మాటలు వచ్చును. పిమ్మట నిద్రను గూర్చి అడుగవచ్చును. సామాజిక మాధ్యమముల వలన తమ నిద్ర చెడుచున్నదని ఆ విచారణలో 45 మంది తామే చెప్పియున్నారు.

మేలును వారు మరువలేదు. స్నేహితుల జీవితములలో జరుగుచున్నవి తెలియుచు, వారికి దగ్గరగా నున్నట్లుండునని 74 మంది తెలిపిరి. మరియు తమ వాడుకను తగ్గించుకొంటిమని 44 మంది చెప్పిరి.

ఇది దూరదేశపు సంగతి యనుకొననక్కర లేదు. మన గ్రామములను పరిశీలించిన 2024 అసర్ నివేదిక ప్రకారము, స్మార్ట్‌ఫోను వాడుట తెలిసిన 14–16 ఏండ్ల పిల్లలలో అంతకుముందు వారమున చదువు కొరకు దానిని వాడినవారు నూటికి 57 మంది, సామాజిక మాధ్యమముల కొరకు వాడినవారు 76 మంది.

తలిదండ్రులు శ్రద్ధగా వినవలసిన సాక్ష్యము ఇంకొకటి కలదు. తాము మాటలాడ బోవునప్పుడు తల్లియో తండ్రియో ఫోనులో మునిగి పరధ్యానముగా నుండుట కనీసము అప్పుడప్పుడైనను జరుగుచున్నదని 2023 విచారణలో 46 మంది పిల్లలు చెప్పిరి. ఆ తప్పును ఒప్పుకొనిన తలిదండ్రులు 31 మంది. ఫోను వాడు సమయమును గూర్చి ఇంటిలో వాదులాట జరుగుచున్నదా యను ప్రశ్నకు మాత్రము రెండు తరములవారును ఒకే సంఖ్య చెప్పిరి: అవునన్న పిల్లలు 38, అవునన్న పెద్దలు 38.