పెరటిలోని వృద్ధవృక్షముల సంరక్షణము



మన శ్రీకాకుళ, విజయనగరము జిల్లాలలోని పాతయిండ్ల పెరడులయందు తాతలు నాటిన మామిడియో, పనసయో, వేపయో, కొబ్బరియో యొకటైనను ఉండక మానదు. దాని నీడలో మూడు తరముల పిల్లలు ఆడుకొని యుందురు. దాని కాయలతో ఏటేట ఊరగాయలు పెట్టుకొని యుందురు. అట్టి చెట్టు ముసలిదైనప్పుడు ఇంటివారు రెండు విధముల ప్రవర్తింతురు. కొందరు ఇన్నాళ్లు నిలిచినది ఇకముందును నిలుచునని దానివంకనే చూడరు. మరికొందరు ఒక గాలివాన రాగానే జడిసి మొదలంట నరికింతురు. ఈ రెండును తొందరపాటులే. చెట్టును కొట్టుటకు ముందు పరీక్షింపవలెను; ఉంచదలచినచో పోషింపవలెను. ఆ రెండు పనులును ఎట్లు చేయవలయునో చెప్పుటయే యీ వ్యాసము యొక్క యుద్దేశము.

మన వాతావరణము

మన తీరమున సాలునకు వేయి మిల్లీమీటర్లకు పైబడి వాన కురియును. జూను మొదలు సెప్టెంబరు వఱకు నైరృతి ఋతుపవనములు వానలనిచ్చును. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలము. చలి మితముగా నుండును. ఈ తేమయు వెచ్చదనమును చెట్టు పెరుగుటకెంత మేలో, కఱ్ఱను కుళ్లజేయు శిలీంధ్రములకును, తొలుచు పురుగులకును అంతే మేలు.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముగల గాలులతో పలాసకు చేరువను తీరము దాటి, ఉద్దానములోని కొబ్బరి, జీడి, పనస తోటలను నేలగూల్చినది. ఆ దినములలో ఇండ్లమీద చెట్లు పడుట చూచినవారికి భయము కలుగుట సహజమే. కాని యొక సంగతి గుర్తింపవలెను. చెట్టును పడవేయునది గాలి యొక్కటియే కాదు. వానకు నానిన నేలలో వేళ్లపట్టు సడలును, అప్పుడు గాలి తన పని తాను చేయును. కావున చెట్టు మొదట నీరు నిలువకుండ కాలువ తీసి పంపుట సంరక్షణములో మొదటి మెట్టు.

తొఱ్ఱ యున్నంతమాత్రమున చెట్టు చచ్చినట్లు కాదు

మామిడివంటి చెట్టు మానులో బెరడు క్రింద పలుచని జీవపు పొర యొకటి కలదు. అది లోపలికి కొత్త కఱ్ఱను, వెలుపలికి కొత్త బెరడును ఏర్పరచుచుండును. వేళ్లనుండి నీటిని పైకి కొనిపోవునది వెలుపలి లేతకఱ్ఱ. నడుమనున్న చేవకఱ్ఱ జీవము లేనిది. అందుచే లోపల తొఱ్ఱపడిన మాను కూడ పెక్కేండ్లు చిగిర్చి కాయుచుండును.

అమెరికా అటవీశాఖ శాస్త్రజ్ఞుడగు అలెక్స్ షిగో వేలకొలది మ్రాకులను నిలువునకోసి పరిశీలించి, 1977లో ఒక ముఖ్యవిషయమును వివరించెను. మన గాయము మానునట్లు చెట్టుగాయము మానదు. చెట్టు ఆ గాయముచుట్టు గోడలవంటి అడ్డులు నిర్మించి, కుళ్లు లోపలికి వ్యాపింపకుండ బంధించి, దానిమీదుగా కొత్తకఱ్ఱను పెంచుకొనును. తొఱ్ఱలో సిమెంటు పోసినను, లోపలి కుళ్లును శుభ్రపడువఱకు చెక్కినను ఆ గోడలు చెడి కుళ్లు మఱింత ప్రాకును.

కొబ్బరిచెట్టు సంగతి వేఱు. దానికి అట్టి జీవపు పొర లేదు. ఎక్కుటకై మానుమీద కత్తితో కొట్టిన మెట్లు దాని బ్రదుకంతయు అట్లే యుండును. ఎఱ్ఱముక్కు పురుగునకు అవియే ద్వారములగును. కనుక కొబ్బరిమానును గాయపరుపకుండుటయే దానికి చికిత్స.

పరీక్ష

తుపానుకాలమునకు ముందు, ఆగస్టు నెలలో ఒకసారి, చెట్టుచుట్టు మెల్లగా తిరిగి ఈ క్రింది గుర్తులను చూడవలెను.

మొదటిది: చెట్టు వెనుకటినుండియు వంగియున్నదా, లేక ఈమధ్యనే ఒరిగినదా? పుట్టినప్పటినుండి వంగియున్న చెట్టు దానికి తగిన కఱ్ఱను పెంచుకొని యుండును. కొత్తగా ఒరిగి, వెనుకవైపు నేల పగిలియున్నచో అది ఆపదకు గుర్తు.

రెండవది: మొదట, వేళ్లమీద, గట్టి పుట్టగొడుగులు పలకలవలె పుట్టినవా? పుట్టినచో లోపల వేళ్లు కుళ్లుచున్నవని తెలియవలెను.

మూడవది: రెండు పెద్దకొమ్మలు ఇరుకుగా చీలినచోట నిలువు పగులు కలదా?

నాలుగవది: మానుమీద రంధ్రములును, వానినుండి రాలు రంపపుపొట్టును కలవా? ఇది మామిడిని, జీడిని తొలుచు పురుగు చేయు పని.

అయిదవది: తొఱ్ఱ యున్నచో దానిచుట్టు మిగిలిన గట్టికఱ్ఱ యెంత? మాను వ్యాసార్ధములో మూడవవంతైనను లేనిచో భయపడవలసినదేయని వృక్షపరీక్షకులు స్థూలముగా నెంచుదురు.

వంగిన దిక్కున ఇల్లు, బావి, దారి లేనిచో ఆపద తక్కువ. పిల్లలు పండుకొను గదియున్నచో, పై గుర్తులలో మొదటి రెండును కనబడినచో, మమకారము విడిచి చెట్టును తీయించుటయే ధర్మము.

చేయకూడని పనులు

తుపానునకు జడిసి కొమ్మలన్నిటిని మొండెములుగా నరికించుట పెద్దతప్పు. ఆకులే చెట్టునకు అన్నము వండునవి. మొండిచివరలలో కుళ్లు దిగును; వానినుండి గుంపులుగా వచ్చు కొత్తకొమ్మలకు పట్టుండదు. మఱి నాలుగేండ్లకు అవియే గాలికి విఱిగిపడును. మానుచుట్టు సిమెంటు పఱచుట, చప్టాకొఱకు వేళ్లు నరకుట, పశువులను కట్టి బెరడు ఒరయనిచ్చుట, తీగను బిగించుట, మొదటిచుట్టు మట్టిని గుట్టగా పోయుట, చెత్త కాల్చుట, ఇవియన్నియు వృద్ధవృక్షమునకు హానికరములు.

చేయవలసిన పనులు

ఎండిన కొమ్మలను, ఒకదానితో నొకటి ఒరయు కొమ్మలను కాయలు దిగినపిమ్మట వాన తెఱపియిచ్చిన దినములలో తీయింపవలెను. బరువైన కొమ్మను మూడుకోతలతో కోయుదురు. మానునకు అడుగుదూరమున క్రిందినుండి కొంత కోసి, దానికి కొంచెము వెలుపల పైనుండి కోసి కొమ్మను దింపి, మిగిలిన మొండిని కడపట తీయుదురు. కొమ్మ మానుతో కలియుచోట ఉబ్బెత్తుగా నొక వలయముండును. దానిని కోయరాదు, దాని వెలుపలనే కోత ముగింపవలెను. మామిడి, జీడి కోతలకు మైలుతుత్తము, సున్నము కిలో చొప్పున, పదిలీటర్ల నీటిలో కలిపిన బోర్డో ముద్దను పూయుదురు. దానిని ఇనుపపాత్రలో కలుపరాదు.

మామిడికొమ్మలపై బదనిక పట్టియున్నచో, అది పుట్టినచోటికి దిగువను కొమ్మతో సహా తీయవలెను. తొలుచు పురుగు రంధ్రములో ఇనుపతీగ దూర్చి పురుగును లాగి చంపి, తడిమట్టితో మూయవలెను.

ఆహారము తీసికొను సన్నవేళ్లు చాలభాగము పైమట్టిలోనే యుండి, కొమ్మలనీడ అంచును దాటి వ్యాపించును. కావున ఎరువును మానుమొదట పోయక, నీడ అంచున నేలను పైపైన గుల్లచేసి, మాగిన పశువులపెంటను తొలకరిలో వేయవలెను. రాలిన ఆకులను నీడలోనే పఱచియుంచినచో అవి మట్టియై వేళ్లకు మేలుచేయును. మొదలుమాత్రము ఆరియుండవలెను.

వయసు మీఱినంతమాత్రమున చెట్టును విడువనక్కఱలేదనుటకు మన తెలుగునేలనే యొక నిదర్శనము కలదు. మహబూబ్‌నగరము చేరువనున్న పిల్లలమఱ్ఱి సుమారు 700 ఏండ్లదని ప్రసిద్ధి. చెదలుపట్టి కొమ్మ విఱుగగా, 2017వ సంవత్సరాంతమున సందర్శకులను ఆపివేసిరి. 2018లో చెదలమందును నీట పలుచగా కలిపి, రోగికి సెలైను ఎక్కించునట్లు చెట్టునకు బొట్లుబొట్లుగా ఎక్కించిరి. బరువైన కొమ్మలకు ఆసరాలు కట్టిరి. అట్టి విషపుమందును కాయలు తినెడు పెరటిచెట్లకు మనంతట మనము వాడరాదు. కాని ఆసరా కట్టుట, నేలను త్రొక్కనీయకుండుట అందఱికిని సాధ్యమే.

ముగింపు

తీయక తప్పని చెట్టైనను దాని వంశమును నిలుపవచ్చును. మామిడిటెంక నాటినచో తల్లివంటి పండే వచ్చునని చెప్పలేము. కాని చెట్టు పడకముందే దాని కొమ్మనుండి అంటు కట్టించినచో తాతనాటి రుచియే మనుమలకు దక్కును. కొత్తమొక్కను ముందు నాటి, పాతచెట్టును పిమ్మట తీయుట వివేకుల పద్ధతి.

లూకా సువార్త 13వ అధ్యాయములో, కాయని అంజూరపుచెట్టును నరుకుమని యజమానుడు చెప్పగా, తోటమాలి మఱియొక్క సంవత్సరము గడువడిగిన యుపమానము మీరు చదివియున్నారు. అతడు ఊరకే గడువడుగలేదు. చుట్టు త్రవ్వి ఎరువు వేసెదనని పూనుకొనెను. అట్లని తరువాతి తీర్పును కాదనలేదు. దయయు, శ్రమయు, తీర్పును మూడును ఆ మాలియందు కలవు. ఈ సెలవులలో మీరు ఇంటికి పోయినప్పుడు మీ పెరటి చెట్టుచుట్టు ఒక్కసారి తిరిగి చూచి, ఏమి కనబడినదో మీ పెద్దలకు చెప్పుడు. గొడ్డలిని గూర్చిన మాట ఆ పిమ్మట.